నడుమ పెట్టిన చుక్క మూలల్లో తేలింది

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి రేడియో టెలిస్కోపుల సిమ్యులేషన్ చేస్తానంటే మా గైడ్ గారు "గుంటూరులో డిష్‌లు ఎక్కడున్నాయయ్యా, మేడల మీదా?" అని నవ్వారు. లాప్‌టాప్ చాలు సార్, అన్నాను.

నమూనాకి పుణె దగ్గరి జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపుని తీసుకున్నాను. ఒక్కోటి 45 మీటర్ల వ్యాసంతో 30 డిష్‌లు. 14 నడుమ గుంపుగా, 16 వై ఆకారంలో మూడు చేతులుగా ఉంటాయి. మొత్తం 25 కిలోమీటర్ల మేర, అంటే ఇంచుమించు గుంటూరు నుంచి తెనాలి దాకా.

ఇది కెమెరాలా ఫోటో తీయదు. రెండేసి డిష్‌ల సిగ్నళ్ళు కలిపి చూస్తే ఆకాశపు ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్‌లో (బొమ్మని రకరకాల అలలుగా విడగొట్టే లెక్క) ఒక్క చోట విలువ దొరుకుతుంది. 30 డిష్‌లకి 435 జతలు. దగ్గరి జతలు పెద్ద ఆకారాలు పట్టిస్తాయి, దూరపు జతలు సన్నటి వివరాలు. ఆ విలువలతో లెక్కని వెనక్కి నడిపితే బొమ్మ రావాలి.

నడుమ ఒకే ఒక్క నక్షత్రం పెట్టి రన్ చేశాను. అది నాలుగు ముక్కలై నాలుగు మూలల్లో తేలింది! మూడు రోజులు సూత్రాలన్నీ తిరగరాశాను. చివరికి విసుగొచ్చి, బ్రాడీపేటలో ప్రింటు తీయించి, కత్తెరతో నాలుగు భాగాలు చేసి ఎదురెదురు ముక్కలు మార్చి అతికించాను. నక్షత్రం నిండుగా నడుమకొచ్చింది. ఎఫ్‌ఎఫ్‌టీ (ఆ ఫోరియర్ లెక్కని కంప్యూటర్లో వేగంగా చేసే పద్ధతి) సున్నా స్థానాన్ని మూలలో పెట్టుకుంటుంది, నేను మధ్యలో ఉందనుకున్నాను. ఒక్క లైనుతో పోయింది.

అయినా చుక్క చుట్టూ ఆరు కిరణాలు. "ముగ్గు బాగుందిరా" అంది అమ్మ. అది వై ఆకారం వేసిన ముద్ర. దానికి మందు భూమి తిరగడమే: తిరిగేకొద్దీ ఆకాశం వైపు నుంచి చూస్తే ప్రతి జత దిశా, దూరమూ మారుతూ కొత్త విలువలిస్తాయి. ఈ పద్ధతికే ఖగోళ శాస్త్రవేత్త మార్టిన్ రైల్‌కి 1974లో నోబెల్. 8 గంటలు, 5 నిమిషాలకోసారి లెక్కేస్తే 41,760 విలువలు. రన్ మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది (మే నెల, బ్యాటరీ పాతది). మూడోసారికి కిరణాలు కరిగిపోయాయి.

ఆఖరిది, బొమ్మలో ఇంకా మిగిలిన మరకలు తుడిచే 'క్లీన్' పద్ధతి, హొగ్‌బామ్ అనే ఖగోళ శాస్త్రవేత్తది. అన్నిటికన్నా మెరిసే చోట పదో వంతు తీసేస్తూ, దాని చుట్టూ ఉన్న మరకలనీ తీసేస్తూ పోవడం. రెండు నక్షత్రాలు పెట్టి, కాస్త నాయిస్ (సిగ్నల్లో కలిసే అర్థంలేని రొద) కలిపి, ఎక్కువసార్లు తిప్పితే ఇంకా మంచిదనుకున్నాను. పదకొండు నక్షత్రాలొచ్చాయి. తొమ్మిది నాయిస్ గడ్డలే. నాయిస్‌కి మూడు రెట్ల దగ్గర ఆపమని కోడ్‌లో చేర్చాక రెండే మిగిలాయి. రిపోర్టులో మాత్రం పదకొండు వచ్చిన బొమ్మే ముందు పెట్టాను.