రివర్స్ కిర్రుమంటే ముందుగాల గేర్‌బాక్స్ దింపనియ్యకుండ్రి

మిర్చి బస్తాలతోని ఏనుమాముల యార్డుకు తిరిగే మా పాత డీజిల్ పికప్ నిన్న పొద్దుగూకంగ దారికొచ్చింది. కోపం చల్లారకముందే రాస్తున్న.

ఇంజిన్ బంద్ పెడితే గేర్లన్నీ మెత్తగ పడ్తయి. స్టార్ట్ చేసినంక ఫస్ట్ గట్టిగైతది, రివర్స్ కిర్రుమంటది. సగం సంగతి ఇక్కడనే తెలుస్తది. లింకేజీ (గేర్ రాడ్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే కడ్డీల) బుష్షులు అరిగితే ఇంజిన్ బంద్ ఉన్నా గేర్ దొరకదు. అది కాదంటే క్లచ్ పూర్తిగ విడుస్తలేదు. చాన పాత బండ్లల్ల రివర్స్‌కు సింక్రో (గేర్ల వేగం కలిపే రింగు) ఉండదు, అందుకే ముందు అదే మొత్తుకుంటది. పెడల్ తొక్కి అయిదు సెకన్లు ఆగి వేసినా కిర్రుమంటే ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి గేర్‌బాక్స్‌లకు పోయే ఇరుసు) ఇంకా తిరుగుతున్నట్టే.

మిస్త్రీ క్లచ్ ఆయిల్ డబ్బా మూత తీసి చూసిండు. "ఆయిల్ తగ్గలే అన్నా, లీకేజీ లేదు. ప్లేటే పోయింది" అన్నడు. గేర్‌బాక్స్ దింపి ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ అన్నీ మార్పిచ్చిన. తెల్లారి మళ్ల అదే కిర్రు! తీసిపడేసిన ప్లేటు చూస్తే రివెట్ల మీద మందం ఇంక మస్తుగుంది. ప్లేటు అరిగితే బండి జారుతది: ఎక్కుడు మీద ఇంజిన్ అరుస్తది గని స్పీడ్ రాదు. హ్యాండ్‌బ్రేక్ గుంజి, నాలుగో గేర్ల క్లచ్ మెల్లగ విడిస్తే ఇంజిన్ ఆగిపోవాలె. ఆగితే ప్లేటు పట్టు బాగున్నట్టే. రెండు నిమిషాల పని, ఎవ్వలు చెయ్యలే.

అసలు దొంగ మాస్టర్ సిలిండర్ల (పెడల్ తొక్కితే ఆయిల్‌ను నూకేది) ఉన్నడు. లోపలి రబ్బరు కప్పు అరిగితే ఆయిల్ బయటికి కారదు, కప్పును దాటుకొని మళ్ల డబ్బాలకే పోతది. అందుకే లెవెల్ తగ్గదు, మిస్త్రీ మోసపోతడు, మన పైసలు పోతయి. నేనే కింద పండుకొని స్లేవ్ సిలిండర్ (ఆ ఆయిల్ ఒత్తిడితోని క్లచ్‌ను విడిపిచ్చేది) రాడ్ పక్కన స్కేలు పెట్టిన. తమ్ముడు పెడల్ తొక్కి పట్టిండు. రాడ్ 13 మి.మీ. బయటికొచ్చి, 20 సెకన్లల్ల 7 దాక వెనక్కి జరిగింది. కాలు మాత్రం అట్లనే ఉంది. ఫస్ట్ గేర్ల క్లచ్ తొక్కి నిలబెడితే బండి మెల్లగ ముందుకు పాకింది (ఇది చూసేటప్పుడు ఎదురుంగ మనిషి ఉండొద్దు). పెడల్ రెండు మూడు సార్లు కొడితే గేర్ పడుడు గూడ ఆయిల్ వైపు తప్పుకే గుర్తు. రాడ్ పూర్తిగ వచ్చి కదలకుండ నిలబడ్డా కిర్రుమంటేనే లోపలికి పోవాలె: స్ప్లైన్ల (ఇన్‌పుట్ షాఫ్ట్ మీది గాళ్ల) మీద ప్లేటు పట్టేసుడో, పైలట్ బేరింగో (ఆ షాఫ్ట్ కొసను పట్టే బేరింగు).

మాస్టర్ కొత్తది, స్లేవ్‌కు కిట్టు, తొక్కినప్పుడు ఉబ్బుతున్న రబ్బరు పైపు మార్చిన. డబ్బా మూత మీద డాట్ 3 (బ్రేకు, క్లచ్ ఆయిల్ రకం) అని ఉంటే అదే పొయ్యాలె. ఇంజిన్ ఆయిల్ పోస్తే రబ్బర్లన్నీ ఉబ్బుతయి. గాలి తీసేటప్పుడు తొక్కి పట్టు, స్లేవ్ మీది నిప్పిల్ (గాలి పోయే స్క్రూ) వదులు, బిగించు, అప్పుడే కాలు తియ్యి. బిగించకముందు కాలు తీస్తే గాలి మళ్ల లోపలికే గుంజుకుంటది. ఆఖరికి పెడల్ మీద కొంచెం ఫ్రీ ప్లే (పని మొదలుకాకముందు ఉండే ఖాళీ కదలిక) చూసుకోవాలె. అది లేకుంటే ఆయిల్ వెనక్కి రాక, కొత్త ప్లేటు గూడ జారుడు మొదలువెడ్తది.

ప్లేటు సెట్టు పైసల సంగతి అడిగితే మిస్త్రీ నవ్విండు. "ఎప్పటికైనా మార్చేదే గదన్నా."