రాతిలో నీళ్ల దారి

నిన్న బంగారుపాళ్యం దగ్గర మామ మామిడితోటలో బోరు వేయించారు. కేసింగ్ (పైమట్టి కూలకుండా దించే గొట్టం) దిగాక మధ్యాహ్నం దాకా ఉత్త తెల్ల దుమ్మే. కూతవేటు దూరంలో పక్కాయన బోరు మాత్రం బాగానే పోస్తోంది. అరచేతిలో టెంకాయ నిలబడింది, కింద నీళ్లున్నాయని పాయింట్ పెట్టినాయన డబ్బులు తీసుకుని ఎప్పుడో వెళ్లిపోయాడు.

మా చిత్తూరు వైపు కింద ఎక్కువగా గ్రానైట్, నైస్ (gneiss) అనే గట్టి రాళ్లే. ఆ రాయి నీళ్లను దాదాపు పీల్చుకోదు. పైనున్న మెత్తటి పొర దాటితే నీళ్లు నడిచేది పగుళ్లలోనే. ఆ పగులు కూడా ఇంకో పగులుతో కలవాలి, లేదంటే కొన్నాళ్లు పోసి ఆగిపోతుంది. నాకు భలే అనిపించే లెక్క ఏంటంటే, పగులు వెడల్పు 2 రెట్లయితే, అదే ఒత్తిడికి ప్రవాహం దాదాపు 8 రెట్లవుతుంది. వెంట్రుకవాసి సందులో ఒకరికి పంట, ఒకరికి అప్పు!

సాయంత్రానికి దుమ్ము తడిసి బూడిదరంగు ముద్దలుగా పడింది. మామ ఒక ముద్ద తీసుకుని పిసికి చూశాడు. బోరు ధార కొలిచే లెక్కలో ఇంచు నీళ్లు. ఇంకా దించుదామా అన్నారు బండివాళ్లు. లోతుకి పోయేకొద్దీ అడుక్కి రేటు పెరుగుతుంది, పైన రాతి బరువుకి పగుళ్లేమో మామూలుగా బిగుసుకుంటాయి. చాలన్నాను. మామ విన్నాడు, అత్త ఇంకా ఒప్పుకోలేదు.