నా అనుభవం: ముప్పై ఏళ్ళకి పిల్లకాయల పక్కన కూర్చుని కన్ఫర్మేషన్ తీసుకున్నా

నెలలో మొదటి ఆదివారం వస్తందంటే మా అత్తమ్మ శనివారం పొద్దున్నే తెల్లచీర ఉతికి గంజి పెట్టి దండెం మీద ఆరేస్తది, మర్నాడు బల్ల (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు సంస్కారం) ఉంటది కాబట్టి. మాది మార్కాపురానికి తర్లుపాడుకి మధ్యలో ఒక ఊరు, పేరెందుకులే. మా పాస్టరు గారికి మా ఊరితో కలిపి ఆరు ఊళ్ళున్నాయి, బండేసుకుని తిరుగుతానే ఉంటారు పాపం, అందుకని మాకు బల్ల నెలకొక్కసారే, మిగతా ఆదివారాలు ఉపదేశి గారే ఆరాధన నడిపిస్తారు.

పెళ్ళయి వచ్చిన కొత్తల్లో ఆ మొదటి ఆదివారం అంటే నాకు ఎక్కడ లేని ఇబ్బందిగా ఉండేది. మొదటి బల్ల, రెండో బల్ల అని వరసల వారీగా లేచి ముందుకు పోయి మోకాళ్ళేస్తారు, చాప మీద నేనూ చంటిపిల్లలూ మిగిలేవాళ్ళం. గుమ్మం బయట చెప్పులు లెక్కబెట్టుకుంటా కూర్చునేదాన్ని, ఒకసారి నలభై మూడు జతలు వచ్చినయ్, ఒకటి ఒంటి చెప్పు. ఎవరూ ఒక్క మాట అనలేదు నన్ను, అది నిజం, కానీ అననప్పుడే ఎక్కువ తెలుస్తది కదా.

మాది ఒంగోలు వైపు బాప్టిస్టు కుటుంబం. మా నాయనమ్మ చెప్పిందే చెప్పేది, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారని, అంతకు ముందు కరువులో అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర గారు బకింగ్‌హాం కాలవ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించారని, ఆ 2222లో మా వాళ్ళు కూడా ఉన్నారని (ఒంగోలు వైపు ఏ బాప్టిస్టు ఇంట్లో అడిగినా ఉన్నారనే చెప్తారు, అది వేరే విషయం). నేను కూడా పద్నాలుగేళ్ళప్పుడు నా అంతట నేనే నిర్ణయం తీసుకుని నీళ్ళలో మునిగి లేచినదాన్ని. అట్టాంటిది లూథరన్ ఇంటికి కోడలిగా పోతన్నానంటే మా అమ్మ అన్న మొదటి మాట, "చిలకరింపు వాళ్ళింటికా?" అని, లూథరన్లు ముంచకుండా చంటిపిల్లలకే నెత్తిన నీళ్ళు పోసి బాప్తిస్మం ఇస్తారు కాబట్టి. పెళ్ళి మాటలప్పుడు మా మామ గారు, మా నాన్న కూర్చుని మా లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరుకి వచ్చింది 1842లో అని ఒకరు, మా బాప్టిస్టు మిషనరీ డే దొర నెల్లూరుకి వచ్చింది 1840లో, రెండేళ్ళు మేమే సీనియర్లం అని ఒకరు, కట్నం గురించి కూడా అంత సేపు మాట్లాడుకోలేదు.

పాస్టరు గారు పెళ్ళప్పుడే చెప్పారు, అమ్మా నీ బాప్తిస్మం బాప్తిస్మమే, మళ్ళీ ఇవ్వం, మీ సంఘం నుంచి ఒక లెటరు తెచ్చుకుని, కేటకిజం (ప్రశ్న జవాబులుగా ఉండే విశ్వాస పాఠాల పుస్తకం) చదువుకుని, కన్ఫర్మేషన్ తీసుకుంటే, అంటే సంఘం ముందు నిలబడి విశ్వాసం ఒప్పుకుంటే, బల్లలో చెయ్యి వేయొచ్చు అని. నేను సరే సరే అని రెండేళ్ళు నాన్చా. లెటరు సంగతి చెప్పుకుంటే సిగ్గు, మా పుట్టింటి సంఘం వాళ్ళు చందా బాకీ కడితేనే రాస్తామన్నారు, పెళ్ళై పోయిన రెండేళ్ళది కూడా కలిపి. నాన్న కట్టారు, నాలుగు నెలలకి లెటరు వచ్చింది, అందులో నా పేరు తప్పు. ఇంక అది వదిలేయండి.

ఇక్కడ నా ఉద్యోగం గురించి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. నేను గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్. రోజంతా నా పని ఏందంటే జనం తెచ్చిన కాగితాలు ఎక్కించడం, ప్రభుత్వ పథకాలకి అర్హులా కాదా అని స్క్రీన్ చెప్పింది వాళ్ళకి చెప్పడం. కరెంటు 300 యూనిట్లు దాటిందా, నాలుగు చక్రాల బండి ఉందా, ఇంట్లో ఇన్‌కం టాక్స్ కట్టేవాళ్ళున్నారా, పొలం ఎంత. మా చర్చిలో ఒక పెద్దమ్మ ఉంది, పచ్చ రంగు తలుపులిల్లు, మేమందరం పచ్చతలుపుల పెద్దమ్మ అనే అంటాం. భర్త చనిపోయాడు, వితంతు పింఛనుకి పెట్టుకుంది. స్క్రీన్ మీద అనర్హురాలు అని వచ్చింది, ఎందుకంటే ఎవరిదో వేరే వాళ్ళ కరెంటు మీటరు ఆమె ఆధార్‌కి లింకయి ఉంది. ఆమెకి ఉండేది ఒక బల్బు, ఒక ఫ్యాను. నేను రూల్ ప్రకారం చెప్పా, కరెంటాఫీసుకి పోయి లెటరు తెచ్చుకో పెద్దమ్మా అని. ఆ రోజు లైను పెద్దగా ఉంది, సర్వర్ రావట్లేదు, నేను ఆమె మొహం కూడా చూడకుండా చెప్పాననుకుంటా. ఆ మరుసటి ఆదివారం నుంచి ఆమె చాప మారింది. నాతో మాట బంద్.

అప్పటికి నాకు ఏడో నెల. మార్కాపురంలో ఆపరేషన్ అయి ఆడపిల్ల పుట్టింది. మా ఆయన హైదరాబాదులో పని, మా అమ్మకి మోకాళ్ళ నొప్పి, అత్తమ్మ ఒక్కతే. నాకు తెలియకుండానే స్త్రీల సమాజం వాళ్ళు వంతులేసుకున్నారు, సోమవారం ఒకళ్ళు, మంగళవారం ఒకళ్ళు, పత్యం కూరలు కారియర్‌లో పెట్టి పంపడం. బియ్యం మాత్రం గుప్పెడు బియ్యంలోంచి. తెలియని వాళ్ళకి చెప్తున్నా, మా వైపు ఆడాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి పక్కన డబ్బాలో వేస్తారు, అది చర్చికి ఇస్తారు. మా అత్తమ్మది పాత హార్లిక్స్ డబ్బా, ఆమెకి తినడానికి లేని రోజుల్లో కూడా అందులో చెయ్యి పెట్టలేదంట. నా జీతంలోంచి నెలనెలా కానుక కవర్ ఇస్తన్నా కదా ఈ గుప్పెడు గోల దేనికి అని నేను చాలాసార్లు అనుకున్నదాన్నే. ఆ బియ్యమే ఇప్పుడు నా కంచంలోకి వచ్చింది.

ఒక గురువారం స్టీలు గిన్నెలో వెల్లుల్లి కారం కలిపిన అన్నం, పొట్లకాయ పెసరపప్పు వచ్చినయ్. ఎవరు పంపారని అడిగితే అత్తమ్మ తినమ్మాయ్ ముందు అంది. తిన్నాక గిన్నె తిరగేసి చూస్తే అంచున పేరు చెక్కి ఉంది, చుక్కలు చుక్కలుగా పాత్రల కొట్టులో చెక్కే అక్షరాలు, పచ్చతలుపుల పెద్దమ్మ చనిపోయిన భర్త పేరు. అప్లికేషన్‌లో భర్త పేరు అన్న గడిలో నేనే టైపు చేసిన పేరు.

గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా, ఏం పెట్టి ఇవ్వాలో తెలియలేదు, ఇవ్వడానికి మొహం కూడా చెల్లలేదు. కడిగి అటక మీద పెట్టా. అక్కడే ఉండిపోయింది.

పిల్లకి ఐదో నెల వచ్చినప్పుడు కేటకిజం క్లాసులు మొదలైనయ్, శనివారం సాయంత్రాలు, చర్చి వెనక వేపచెట్టు కింద. నేనూ, ఎనిమిది తొమ్మిది తరగతుల పిల్లకాయలు ఆరుగురు. మా మామ గారు పలకల ఫ్యాక్టరీలో చేసిన మనిషి కాబట్టి ఇంట్లో పలకలకి కొదవ లేదు, వాటి మీద పది ఆజ్ఞలు రాసి అప్పజెప్పేవాళ్ళు వాళ్ళు. ఒకడు నన్ను ఆంటీ అని, ఇంకొకడు మేడం అని, చివరికి అందరూ అక్కా దగ్గర సెటిలయ్యారు. వాళ్ళకి గుక్క తిప్పుకోకుండా వచ్చేది నాకు సగంలో ఆగిపోయేది. పాస్టరు గారు చెప్పారు, మా లూథరన్ సంఘాలకి మూలపురుషుడు లూథరు గారు జర్మనీలోని సాక్సనీలో పల్లెటూరి సంఘాలు తిరిగి చూస్తే జనానికి ప్రభువు ప్రార్థన కూడా రావట్లేదంట, కొందరు పాస్టర్లకే రావట్లేదంట, ఆ బాధతోనే 1529లో ఈ చిన్న కేటకిజం రాశారంట, అదీ ఇంటి పెద్ద ఇంట్లో వాళ్ళకి నేర్పేటట్టు. మా ఇంట్లో ఆ ఇంటి పెద్ద మా అత్తమ్మ అయింది. మిరపకాయలు తొడిమలు తీస్తా నన్ను కూర్చోబెట్టి అడిగేది, "దీని అర్థమేమి?" అని. చదువు రాని మనిషి. అంతా కంఠతా వచ్చు.

మొదటి దెబ్బ విశ్వాస ప్రమాణంలో మూడో భాగం దగ్గర తగిలింది. నా సొంత తెలివితో గానీ బలంతో గానీ యేసును నమ్మలేను, ఆయన దగ్గరికి రాలేను, పరిశుద్ధాత్మే నన్ను పిలిచాడు అని ఉంటది దాని అర్థం. నేను ఆగా. మరి పద్నాలుగేళ్ళప్పుడు నేను తీసుకున్న నిర్ణయం? చిన్నప్పటి నుంచి నా సాక్ష్యం అంతా దాని మీదే నడిచింది, నేను తీసుకున్నా, నేను ముందుకొచ్చా, నేను. పాస్టరు గారు వాదించలేదు, నువ్వు ఒడ్డున నిలబడినప్పుడు నిన్ను అక్కడ దాకా తెచ్చింది ఎవరో ఇంటికి పోయి రాసుకురామ్మా అన్నారు. రాస్తే పలక నిండింది, నాయనమ్మ దగ్గర మొదలుపెట్టి ఆదివారం బడి టీచరమ్మ దాకా, జ్వరం వచ్చినప్పుడు రాత్రంతా ప్రార్థన చేసిన మా పక్కింటామె దాకా. కింద నా పేరు రాయడానికి చోటు లేదు.

రెండోది ఇంకా దగ్గరగా తగిలింది. మొదటి భాగంలో, ఒళ్ళు, ప్రాణం, ఇల్లు, తిండి అన్నీ దేవుడు ఇచ్చాడని చెప్పి, ఇదంతా నాలో ఏ యోగ్యతా లేకుండానే ఇచ్చాడు అంటది. యోగ్యత. నేను రోజుకి వంద సార్లు చూసే మాట, అర్హత అని. క్లాసు అయ్యాక పాస్టరు గారిని అడిగేశా, అయ్యగారూ మరి బల్లకి యోగ్యులు ఎవరని ఎట్టా తేలుస్తారు, ఏదో ఒక చెకింగ్ ఉండాలి కదా అని. ఆయన నవ్వి పేజీ తిప్పి చూపించారు. ఉపవాసం, శుభ్రంగా తయారవడం మంచివే, కానీ "మీ కొరకు" అన్న మాటని నమ్మినవాళ్ళే నిజంగా యోగ్యులు అని ఉంది. అంతే. ఆధార్ లేదు, మీటర్ లేదు. కానీ ఆయన ఇంకో మాట కలిపారు, "మీ" అని ఉంది చూడమ్మా, "నీ" అని లేదు అని, నా వైపు చూడకుండా బండి స్టార్ట్ చేసుకుని పోయారు. ఊళ్ళో ఎవరు ఎవరితో మాట్లాడట్లేదో పాస్టర్లకి తెలియకుండా ఉంటదా.

పిల్ల బాప్తిస్మం విషయంలో మాత్రం నేను చాలా రోజులు ఒప్పుకోలేదు. దానికి ఊహ వచ్చాక అదే తీసుకుంటది అన్నా. మా అత్తమ్మ మిరపకాయ పక్కన పెట్టి, "ఆధార్ తీయించావు కదే దానికి, అడిగి తీయించావా?" అంది. ఇది పెద్ద వాక్యాధారం ఏం కాదు, నాకు ఇప్పటికీ మనసులో కాస్త ఉంది, మా అమ్మతో ఈ విషయం ఎత్తను కూడా ఎత్తను. కానీ లూథరు గారికి దిగులు, అనుమానం వచ్చినప్పుడల్లా నేను నమ్మాను అని కాదు, నేను బాప్తిస్మం పొందాను అని చెప్పుకునేవారంట, ఆ మాట పట్టుకుని నేను ఊరుకున్నా.

మట్టల ఆదివారానికి, అంటే ఈస్టర్‌కి ముందు ఆదివారానికి, పిల్ల బాప్తిస్మానికీ నా కన్ఫర్మేషన్‌కీ డేట్ ఖాయమైంది. ముందు రోజు సాయంత్రం అటక మీద గిన్నె దించా. బెల్లం, కొత్త బియ్యం పోసుకుని పిల్లని చంకనేసుకుని పచ్చతలుపుల ఇంటికి పోయా. ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. దారంతా అనుకున్న మాటలు ఒక్కటీ రాలేదు, "పెద్దమ్మా, ఆ రోజు నీ మొహం చూడకుండా చెప్పా" అన్నది ఒక్కటే వచ్చింది. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కరెంటాఫీసులో నాలుగు సార్లు తిప్పారమ్మా, చదువొచ్చినదానివి, ఒక్కసారి నాతో రావచ్చుగా" అంది. నిజమే. నేను రావచ్చు. రూల్‌లో లేదు గానీ రావద్దని కూడా లేదు కదా.

ఆదివారం పిల్లకాయలు ఈత మట్టలు పట్టుకుని ఊరంతా తిరిగి వచ్చారు. పాస్టరు గారు మెడలో ఊదా రంగు స్టోల్ (పొడుగాటి పట్టీ) వేసుకున్నారు, ఈస్టర్ ముందు వచ్చే శ్రమల కాలం కదా (ఏ కాలానికి ఏ రంగో మా ఆరుగురు క్లాసుమేట్లు నాకు నేర్పారు). మా పిల్ల నీళ్ళు నెత్తిన పడగానే ఒక్క కేక పెట్టింది. తర్వాత మేము ఏడుగురం వరసగా నిలబడి చెప్పాం, నేను సగంలో ఆగితే పక్కనోడు మెల్లగా అందించాడు. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. బల్ల కూడా ఆ రోజే పెట్టారు.

మూడో బల్లలో నాకు చోటు దొరికింది. మోకాళ్ళేసి పక్కకి చూస్తే పచ్చతలుపుల పెద్దమ్మ, ఆమె కావాలని వచ్చిందో వరస అట్టా పడిందో తెలియదు. అయ్యగారు ఆమె చేతిలో అప్పం పెట్టి నీ కొరకు ఇయ్యబడిన అన్నారు, నా చేతిలో పెట్టి అదే మాట అన్నారు, ఒక్క అక్షరం మార్పు లేదు. ఆమె చేతులు వణుకుతున్నయ్, ద్రాక్షరసం గిన్నె అందుకునేటప్పుడు నా మోచెయ్యి పట్టుకుంది ఆసరాకి.

బయట చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి పిలిచింది.

"అమ్మాయ్, గిన్నె ఇచ్చావు సరే, మూత ఏది?"

మూత మా ఇంట్లోనే ఉండిపోయింది. సోమవారం పదింటికి కరెంటాఫీసుకి పోదాం, ఆధార్ పట్టుకుని తయారుగా ఉండు పెద్దమ్మా, మూత అప్పుడు తెస్తా అన్నా.

"మర్చిపోకు," అంది.