రాత్రి హాఫ్ బాటిల్, పొద్దున ఆరింటికి గ్రౌండు

కాలేజీ పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సారు తాగి గ్రౌండుకొస్తున్నాడంటే మన రాయలసీమలో ఎక్కువగా జరిగేది ఒకటే. ఏళ్లకేళ్లు అందరూ చూసీ చూడనట్టు ఊరుకుంటారు. ఒకరోజు ఎవరో వీడియో తీసి వాట్సాప్‌లో పెడతారు, సాయంత్రానికి సారు ఇంట్లో ఉంటాడు. ఈ రెంటి మధ్య చెయ్యాల్సిన పని బోలెడుంది. మనిషిని గ్రౌండు నుంచి తప్పించడం ఒక నిర్ణయం, ఉద్యోగం నుంచి తీసెయ్యడం ఇంకో నిర్ణయం. మొదటిది ఆ గంటలోనే జరగాలి. రెండోది వైద్యం అందాక చూడాలి.

ముందు లెక్క. "రాత్రి తాగాడులే, పొద్దునకి దిగిపోయుంటుంది" అనే మాట నమ్మే చాలామంది మోసపోతారు. మన వైన్ షాపుల్లో అమ్మే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాలు 42.8 శాతం. 180 మి.లీ. క్వార్టర్‌లో సుమారు 61 గ్రాములు, 375 మి.లీ. హాఫ్‌లో 127 గ్రాములు. 70 కిలోల మగమనిషి రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి క్వార్టర్ తాగితే రక్తంలో 100 మి.లీ.కి 130 మి.గ్రా. దాకా లెక్క తేలుతుంది. గంటకు 15 చొప్పున దిగుతుందనుకుంటే పొద్దున ఆరుకు దాదాపు ఏమీ మిగలదు. హాఫ్ తాగితే లెక్క 265 దగ్గర మొదలవుతుంది, ఆరింటికి ఇంకా 130 మిగిలే ఉంటుంది. బండి నడిపేవాళ్లకు మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను పెట్టిన హద్దు 30. రోజూ తాగేవాళ్లకు కొంచెం త్వరగా దిగుతుంది, అయినా ఆరింటికి హద్దు లోపలికి రావడం కష్టమే. తలస్నానం, కాఫీ, మజ్జిగ, నిమ్మరసం, సోంపు ఏవీ ఆ అంకెను తగ్గించవు. వాసన మాత్రం తగ్గిస్తాయి, అదే ప్రమాదం.

ఆ స్థితిలో ఉన్న కోచ్ పాఠం చెప్పగలడు, విజిల్ కూడా వెయ్యగలడు. దెబ్బ తినేది తీర్పు. ఇద్దరు పిల్లల తలలు ఢీకొంటే, దెబ్బ తగిలినవాణ్ణి ఆ రోజుకిక ఆడనివ్వకూడదని వెంటనే తేల్చుకోవాలి. ఎండాకాలంలో అనంతపురంలో 40 డిగ్రీలు దాటినప్పుడు ఎవడైనా తడబడుతూ పొంతన లేకుండా మాట్లాడితే, ఆసుపత్రికి తీసుకెళ్లే ముందే ఒంటి మీద నీళ్లు గుమ్మరించి చల్లబరచాలి. ఇక్కడ పది నిమిషాల ఆలస్యమే ప్రాణం మీదికి తెస్తుంది. మ్యాచ్‌కి జట్టును తీసుకెళ్తూ తనే బండి నడుపుతానంటే చెప్పేదేముంది.

కాబట్టి అనుమానం వచ్చిన రోజు జట్టు కెప్టెన్, సారుతో వాదానికి దిగకూడదు. పిల్లల ముందు నిలదియ్యకూడదు, వీడియో తియ్యకూడదు. ప్రాక్టీసు ఆపేసి నేరుగా ప్రిన్సిపాల్‌కి చెప్పాలి. ప్రిన్సిపాల్ ఇంకో లెక్చరర్‌ని తోడు తీసుకుని సారును గదిలోకి పిలిచి, "ఈరోజు మీరు ఇంటికెళ్లండి సార్, రేపు మాట్లాడుకుందాం" అని ఆ ఒక్క మాటే చెప్పాలి. తాగి ఉన్న మనిషితో చర్చ దండగ. బైకు తాళాలు తీసుకుని ఆటో ఎక్కించాలి. చూసింది చూసినట్టు టైముతో సహా రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి: మాట ముద్దగా రావడం, నడక తడబడటం, వాసన. "తాగుబోతు" లాంటి మాటలు ఆ కాగితంలో ఉండకూడదు. తర్వాత విచారణలో నిలబడేది చూసిన వివరమే.

అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్ స్టీవ్ సార్కీసియన్ విషయంలో ఏం జరిగిందో చూడండి. 2015 ఆగస్టులో యూనివర్సిటీ సభలో వేదిక మీద మాట తడబడి, బూతులు దొర్లాయి. క్షమాపణ చెప్పాడు, కోచింగ్ కొనసాగింది. అక్టోబరు 11న సెలవు మీద పంపారు, 12న తీసేశారు. సెలవుకూ తొలగింపుకూ మధ్య ఒక్క రోజు. తర్వాత చికిత్సకు వెళ్లాడు. 30 మిలియన్ డాలర్లకు దావా వేశాడు, 2018లో మధ్యవర్తి తీర్పు యూనివర్సిటీకే అనుకూలంగా వచ్చింది. చట్టం ప్రకారం అది సరే కావచ్చు. నా దృష్టిలో తప్పు అక్టోబరులో జరగలేదు, ఆగస్టులో జరిగింది. గ్రౌండు నుంచి దూరంగా ఉంచి వైద్యం చేయించాల్సిన రోజు అది. అదే మనిషి 2016లో అలబామా యూనివర్సిటీలో చిన్న హోదాతో మళ్లీ మొదలుపెట్టి, 2021లో టెక్సస్ యూనివర్సిటీకి హెడ్ కోచ్ అయ్యాడు.

వైద్యం దగ్గర మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు, రోజూ తాగే మనిషిచేత ఒక్కసారిగా మాన్పించడం. గదిలో పెట్టి తాళం వేస్తారు, లేదా మాల వేయిస్తారు. 41 రోజుల దీక్ష చాలామందిని నిలబెట్టింది, అందులో సందేహం లేదు. కానీ ఏళ్ల తరబడి రోజూ తాగే ఒంటికి మొదటి వారం డాక్టరు లేకుండా గడవకూడదు. ఆపిన కొన్ని గంటలకే వణుకు, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనిపించడం, జ్వరం, మతి తప్పడం వస్తే ప్రాణాపాయం. డయజెపామ్, క్లోర్‌డయజెపాక్సైడ్ లాంటి మందులిచ్చి, రోజురోజుకీ తగ్గిస్తూ దాటిస్తారు. థయమిన్ ఇంజెక్షను కూడా ఇస్తారు. అది పడకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకు ముప్పు. అనంతపురం, కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో, కడప రిమ్స్‌లో సైకియాట్రీ విభాగం ఉంది. కేసు ముదిరితే బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ అనంతపురానికి సుమారు 210 కిలోమీటర్లే. దారి తెలియకపోతే మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చెయ్యొచ్చు.

ఇంకో ప్రమాదం, తాగుడు మాన్పించే మందును తెలియకుండా కూరలో కలపడం. డైసల్ఫిరామ్ అలా కలిపితే, ఆ మనిషి పైన తాగినప్పుడు బీపీ పడిపోయి గుండె మీదికి రావచ్చు. మాత్ర ఆపిన రెండు వారాల వరకూ ఆ భయం ఉంటుంది. ఆయనకు చెప్పి, ఒప్పుకున్నాకే ఇవ్వాలి. తాగాలన్న యావ తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ కూడా ఉన్నాయి. లివరు, కిడ్నీ పరీక్షలు చూసి డాక్టరు తేలుస్తాడు.

ప్రభుత్వ కాలేజీ రెగ్యులర్ పీడీ అయితే ఛార్జి మెమో, విచారణ, సంజాయిషీకి అవకాశం లేకుండా తీసెయ్యడానికి వీల్లేదు. సస్పెన్షన్‌లో ఉన్నా జీవన భృతి వస్తుంది. ప్రైవేటు కాలేజీలో కాంట్రాక్టు కోచ్‌కి ఇవి ఎక్కువగా దొరకవు, అందుకే మేనేజ్‌మెంటు ముందే కాగితం మీద పెట్టాలి: ఎన్ని వారాల వైద్య సెలవు, జీతం ఎంత, తిరిగి రావడానికి ఏ డాక్టరు సర్టిఫికెట్ కావాలి, మళ్లీ తాగితే ఏమవుతుంది. ఆఖరిది ముఖ్యం. చికిత్స తర్వాత మొదటి నెలల్లో మళ్లీ తాగడం మామూలే, దానికి ఏం చెయ్యాలో ముందే రాసుకుంటే కోపంలో నిర్ణయాలు జరగవు.

తిరిగొచ్చాక మొదటి మూడు నెలలు బయటూరి మ్యాచ్‌లకు ఒంటరిగా పంపకూడదు. రాత్రి లాడ్జి గది, గెలిచిన సంబరం, ఓడిన కసి, మూడూ తాగిస్తాయి. తోడుగా ఇంకో లెక్చరర్ వెళ్లాలి, జట్టు డబ్బు ఆ లెక్చరర్ దగ్గరే ఉండాలి. ప్రాక్టీసు ఆరింటికి కాకుండా సాయంత్రానికి మార్చితే సారుకు నిద్ర దొరుకుతుంది. మానేసిన కొత్తలో నిద్ర సరిగా పట్టదు, మళ్లీ గ్లాసు పట్టించేది చాలాసార్లు ఆ నిద్రలేమే.