చెంబు మూతి

ఆదివారం. ఇడ్లీ పొయ్యి మీద పెట్టేసి ఆరున్నరకే కాగితం ముందు కూర్చున్నాను. కిటికీ దగ్గర ముక్కాలి పీట, దాని మీద తెల్ల తువ్వాలు, తువ్వాలు మీద బుడితి ఊరి ఇత్తడి చెంబు, పక్కనే స్టీలు గ్లాసు. చెంబు నా పెళ్ళికి అమ్మ పెట్టిన సారెలోది. ఇరవైరెండేళ్ళుగా చింతపండు వేసి తోముతున్నాను. చూడకుండానే గీసేయగలననుకున్నాను. కిందటి వారం జరిగిందదే, చూడకుండానే గీశాను.

మా వీధి చివర రిటైరైన డ్రాయింగు మాస్టారు ఆ బొమ్మ చూసి, "మూతి గుండ్రమని తెలుసు గనక సున్నా చుట్టీసినావు. అడుగు పీటకి ఆనుతాదని తెలుసు గనక గీత కొట్టీసినావు. చెంబు వేపు ఒక్కసారైనా చూసినావేటమ్మా?" అన్నారు. చెంబు తీసుకెళ్ళి నా కంటికి సరిగ్గా ఎదురుగా అలమర గూట్లో పెట్టారు. మూతి మాయమైపోయింది! అడ్డంగా ఒక్క గీత, అంతే. ఒక్కో అర కిందకి దించుతుంటే ఆ గీత నోరు తెరుస్తూ కోడిగుడ్డులా సాగింది. కంటికి ఎంత కిందకెళితే అంత తెరుచుకుంటుందట. మరి చెంబు అడుగు మూతికంటే కిందే కదా, దాని వంపు మూతి వంపుకంటే ఎక్కువే ఉండాలి. నేను గీసిందేమో బల్లపరుపు గీత.

మాస్టారు మాటమాటకీ అంట్యాకుల పైడిరాజు గారి పేరెత్తుతారు. మద్రాసులో దేవీప్రసాద్ రాయ్ చౌదరి దగ్గర నేర్చుకుని, ఈ విజయనగరంలోనే బొమ్మల బడి పెట్టిన మనిషి. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ ఆయన పేరు ఈ మధ్యే విన్నానంటే సిగ్గేసింది.

సరే, ఈ రోజు సంగతి. ముందు కొలత. మోచెయ్యి వంచకుండా చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిలు మీద బొటనవేలు జరుపుతూ పొట్ట వెడల్పు పట్టాను. అదే వేలు కదపకుండా పెన్సిలు నిలువుగా తిప్పి చూస్తే ఎత్తు ఆ వెడల్పుకంటే ఓ వేలెడే ఎక్కువ. కిందటి వారం ఒకటిన్నర రెట్లు గీశాను, అందుకే కూజాలా తయారైంది. మోచెయ్యి కాస్త వంగినా కొలత మారిపోతుంది, రెండుసార్లు మోసపోయాను.

తర్వాత చెంబుని వదిలేసి, చెంబుకీ గ్లాసుకీ మధ్యనున్న సందు గీశాను. పైనా కిందా వెడల్పు, నడుమ సన్నం, నిలువునా చీల్చిన డమరుకంలో సగం. ఆ సందుకి పేరు లేదు గనక నాకు ముందే తెలిసిందేమీ లేదు, చూసి తీరాలి. అది కుదిరేసరికి చెంబు పొట్ట దానంతటదే కుదిరిపోయింది. రబ్బరు ముట్టుకోలేదు!

నీడల దగ్గర మళ్ళీ బోల్తా. వెలుగు ఎడమనుంచి వస్తోంది గనక కుడి అంచే అన్నిటికంటే నలుపని 4బి పెన్సిలుతో రుద్దేశాను. కళ్ళు సగం మూసి చూస్తే అంచు నలుపు కాదు. నలుపంతా కొంచెం లోపలికుంది, అంచు మాత్రం లేతగా మెరుస్తోంది. తువ్వాలు తెలుపు ఇత్తడి మీద పడి తిరిగొస్తోందన్నమాట. నమ్మకం కుదరక తువ్వాలు తీసి అత్తగారి ముదురాకుపచ్చ చీర పరిచాను. ఆ మెరుపు పోయింది. మళ్ళీ తువ్వాలు వేశాను, వచ్చింది. ఇలా నాలుగుసార్లు. ఇడ్లీలు ఆవిరికి చితికిపోయాయి.

పళ్ళెం కడుక్కొచ్చేలోగా పీట మీద గ్లాసొక్కటే ఉంది. అత్తగారు చెంబుతో నీళ్ళు పట్టుకుని తాగుతున్నారు.

"అయ్యో, అది కదపకూడదత్తా!"

"నీళ్ళు తాగే చెంబుతో నీళ్ళు తాగకూడదేటమ్మా? మళ్ళా అక్కడే పెట్టీస్తానులే."

పెట్టారు. సొట్ట ఇటు తిరిగింది, పక్కన నీటి బొట్లు, పైగా సూర్యుడు కిటికీ దాటేశాడు. సొట్ట ఉందని మాత్రం ఇవాళే చూశాను. ఎప్పుడు పడిందో.

సాయంత్రం కూరలకని గంటస్తంభం దగ్గరకెళ్ళాను. 1885లో కట్టిన ఎనిమిది పలకల స్తంభం. దాని కిందనుంచి ఎన్ని వేలసార్లు నడిచానో. ఒక్క చోటునుంచి ఎన్ని పలకలు కనిపిస్తాయని అడిగితే మాత్రం చెప్పలేకపోయేదాన్ని. నేను నిలబడ్డ చోటికి నాలుగు. నడిమి రెండూ వెడల్పు, చివరి రెండూ వాటిలో సగం కూడా లేవు. అన్నీ ఒకే కొలతని తెలుసు గనక ఇంట్లో కూర్చుని గీస్తే నాలుగూ సమానంగానే గీసేదాన్ని. సంచి కింద పెట్టి, పర్సులోంచి పెన్సిలు తీసి, చెయ్యి చాచి, ఒక కన్ను మూశాను.

ఆటో వచ్చి కాళ్ళ దగ్గర ఆగింది. "ఎక్కడికమ్మా?"

ఏం చెబుతాను. ఎక్కేశాను. వంకాయలు, ఆనపకాయ, సంచి బరువుగానే ఉంది.