రాళ్ల మీద పసుపు బాణాలు

పదకొండు దాటినా నిద్ర రాకపోవడానికి కారణం చెబితే మీరు నవ్వుతారని తెలుసు. మా కాలనీ వెనుక కొండదారిలో ఎవరో రాళ్ల మీద పసుపు రంగుతో బాణాలు గీశారు. ఎవరో అనడం మర్యాద కోసమే. అది కొత్త కార్యవర్గం పనేనని విశాఖ మధురవాడలోని మా వీధి మొత్తానికి తెలుసు. కాపలా గది పక్కన రంగు డబ్బా, తడి ఆరని కుంచెలు నేనే చూశాను.

బాణాలు గీయడం నేరమేమీ కాదు. కానీ మలుపే లేని చోట వరుసగా మూడు బాణాలు ఎందుకో ఎవరైనా చెప్పాలి. పైగా ఆ కొండంతా ఖొండలైటు రాయి. ఎండకూ వానకూ పెళుసుబారి ఎర్ర కంకరగా రాలిపోతూ ఉంటుంది. దాని మీద వేసిన రంగు రెండు వానాకాలాలు నిలిస్తే గొప్ప. ఆ తరువాత సగం ఊడిన గీతలు ఎవరిని ఏ పొదలోకి తీసుకుపోతాయో ఆ కార్యవర్గానికే తెలియాలి.

ఆ దారి ఎలా పుట్టిందో తెలిసినవాళ్లెవరూ ఇప్పుడు కార్యవర్గంలో లేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చేనాటికి మా మామయ్యగారు ఇంకా ఉన్నారు. కరెంటు లేక, నీళ్లు లేక, ఫోన్లు మూగబోయిన ఆ రోజుల్లో ఒక ఉదయం, కొండెక్కితే సిగ్నలు అందుతుందేమోనని ఆయన బయలుదేరితే, ఒంటరిగా పంపడం ఇష్టంలేక నేను వెంట వెళ్లాను. అంతకుముందు వారం వరకు పచ్చగా ఉన్న కొండ, మంట పెట్టి ఆర్పినట్లు ఒక్క ఆకైనా లేకుండా నిలబడి ఉంది. దారి ఆనవాలు లేదు. చెట్లు ఒకదానిపై ఒకటి పడి, మేము రోజూ కూర్చునే బండ ఎక్కడుందో కూడా తెలియలేదు. మామయ్యగారు కండువాతో ముఖం తుడుచుకుని వెనక్కి తిరగబోతుండగా పైనుంచి కత్తి చప్పుడు వినిపించింది. కొండ అవతలి ఊరి ఆడవాళ్లు కూలిన కొమ్మలు నరికి మోపులు కడుతున్నారు. “ఇటేపు రండి బాబూ, అటేపు ముళ్లున్నాయి” అని ఒకావిడ పిలిచింది. వాళ్లు మోపులు ఈడ్చుకుంటూ దిగిన చారే తరువాతి నెలల్లో మాకు దారి అయింది. పాతది తుప్పల కింద పోయింది. సిగ్నలు ఆ రోజు అందలేదు. మామయ్యగారు మాత్రం ఆవిడతో కట్టెల ధర గురించి చాలాసేపు మాట్లాడి ఇంటికి ఒక మోపు వేయించారు. గ్యాసు బండి రాని ఆ రోజుల్లో మేడమీద మూడు ఇటుకల పొయ్యిపై అత్తయ్యగారి వంట ఆ కట్టెలతోనే సాగింది.

ఇంతవరకు రాశాక, నా కోపం నిజంగా బాణాల మీదేనా అని అనుమానం వస్తోంది. ఈ సాయంత్రం మా చిన్నది నన్ను పిలవకుండానే మొదటిసారి పెద్ద బండ దాకా వెళ్లి వచ్చింది. అక్కడి నుంచి రుషికొండ వైపు సముద్రం కనిపించిందని చెబుతుంటే దాని ముఖం వెలిగిపోయింది. సరే, బాణాలు ఉండనివ్వండి. ఎడమ చీలిక కంబాలకొండ అభయారణ్యం హద్దు వైపు పోతుంది. 1970 నుంచి రక్షణలో ఉన్న, 70 చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవి అది; చిరుతలు తిరిగే చోటు, అనుమతి లేనిదే అడుగుపెట్టకూడని చోటు. కొత్తగా అద్దెకు దిగినవారు తెలియక అటు పోకుండా ఒక గుర్తు ఉండడం మంచిదే.

నిద్ర చెడగొట్టింది కుడి చీలిక దగ్గరి ఎర్ర ఇంటూ గుర్తు. అది అవతలి ఊరి దారి. సీతాఫలాల కాలంలో తెల్లవారకముందే ఆడవాళ్లు బుట్టలు నెత్తిన పెట్టుకుని ఆ దారిన దిగి, మా వెనుక గేటు గుండా రోడ్డెక్కేవారు. ఇప్పుడు ఆ గేటుకు తాళం. కాలనీవాళ్లు అడిగితే తీస్తారు, వాళ్లు అడిగితే తీయరు. కాపలా అబ్బాయిని అడిగితే “బయటివాళ్లను రానివ్వొద్దన్నారండి” అన్నాడు. కొమ్మలు నరికి దారి తీసినవాళ్లు బయటివాళ్లు, డబ్బాలోని రంగు పూసినవాళ్లు లోపలివాళ్లు! ఆ బుట్టలతో వాళ్లు జాతీయ రహదారి పక్కనుంచి, లారీల దుమ్ములో, చుట్టూ తిరిగి రావాలి. అలా వచ్చినవాళ్లతోనే మా కార్యవర్గ సభ్యులు ముందు గేటు దగ్గర నిలబడి డజనుకు పది రూపాయలు తగ్గించమని బేరమాడతారు. ఇది కూడా నేను చూశాను.

ఆదివారం సమావేశంలో ఉదయం ఐదు నుంచి ఎనిమిది వరకు వెనుక గేటు అందరికీ తీసి ఉంచమని, ఆ ఎర్ర గుర్తు చెరిపించమని అడగబోతున్నాను. తోడు ఇద్దరు ముగ్గురు మాట్లాడితే చాలు. మా ఆయనకు ఈ సంగతి చెబితే, “అడుగు కానీ, కోపంలో పసుపు బాణాల జోలికి మాత్రం పోకు, మన పిల్లకు ఎక్కడమే వచ్చింది, ఆ కంకరలో దిగడం ఇంకా రాలేదు” అని అటు తిరిగి పడుకున్నారు.