ఆ గులాబీ రంగు ఏమైంది?

మన కాలేజీ పాత విద్యార్థుల ఈ సంచికకు రాయమనగానే నాకు ముందు గుర్తొచ్చింది కెమిస్ట్రీ ల్యాబ్ కాదు, రెండో ఏడాదిలో సైన్స్ వాళ్లం కూడా తప్పనిసరిగా చదవాల్సి వచ్చిన ఆ రచన కోర్సు. వారానికి రెండు గంటలు. ప్రాక్టికల్స్, రికార్డులు, ఇంటర్నల్స్ మధ్య మళ్లీ ఇదొకటా అని మనలో చాలామందికి కోపం వచ్చింది, నాకూ వచ్చింది.

మీరు తరచూ చేసే పనిని, అది ఎన్నడూ చూడనివాళ్లకు తెలిసేలా ఒక పేజీ రాయండి అన్నారు మేడమ్ మొదటి క్లాసులో. నేను టైట్రేషన్ గురించి, అంటే ఆమ్లంలో సోడియం హైడ్రాక్సైడ్ లాంటి క్షారాన్ని చుక్కచుక్కగా వదిలి ఎంత పడుతుందో కొలవడం గురించి రాశాను, అచ్చం రికార్డులో రాసినట్టే. పిపెట్‌తో 20 మి.లీ. ఆక్సాలిక్ ఆమ్లం తీసుకోబడినది, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ (క్షారంలో గులాబీ రంగుకు తిరిగే సూచిక) కలపబడినది, లేత గులాబీ రంగు గమనించబడినది.

"ఎవరు గమనించారమ్మా?" అని అడిగారు మేడమ్.

"నేనే" అన్నాను.

"మరి నువ్వు ఇందులో ఎక్కడా లేవే!"

రికార్డులో అలా రాయడం తప్పని నేను ఇప్పటికీ అనను. ఎవరు చేసినా అదే రీడింగ్ రావాలి కాబట్టి చేసిన మనిషిని పక్కన పెడతాం, దానికో కారణం ఉంది. కానీ అలాంటి వాక్యాల్లో మనకు అర్థం కానిది కూడా అర్థమైనట్టే కనిపిస్తుంది, ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు.

మళ్లీ రాశాను. చుక్క పడినచోట గులాబీ రంగు మెరిసి ఫ్లాస్క్ తిప్పగానే మాయమవడం, ఆమ్లమంతా అయిపోయే ఎండ్ పాయింట్ దగ్గరపడేకొద్దీ అది పోవడానికి కాస్త ఎక్కువసేపు పట్టడం, అప్పుడు ఊపిరి బిగబట్టి ఒక్కో చుక్కే వదలడం, కొంచెం ఎక్కువైతే ముదురు గులాబీ అయిపోయి మళ్లీ మొదటినుంచి చేయాల్సి రావడం, ఆ టెన్షనంతా రాశాను. మేడమ్ సైన్స్ చదివినవారు కాదు. మొత్తం చదివి మార్జిన్‌లో ఒకే ప్రశ్న రాశారు: "తర్వాత ఆ రంగు ఏమైంది?"

నాకు తెలియదు. అన్నిసార్లు చేశాను గానీ రీడింగ్ రాసుకోవడం, ఫ్లాస్క్ సింకులో ఒంపేయడం, అంతే. తర్వాతి ప్రాక్టికల్ రోజున ఒంపకుండా తెల్ల టైల్ మీద ఉంచి అక్కడే నిలబడ్డాను. కొన్ని నిమిషాలకు రంగు పలచబడింది, ఇంకాసేపటికి నీళ్లలా అయిపోయింది. గాల్లోని కార్బన్ డయాక్సైడ్ అందులో కరిగి క్షారగుణం తగ్గిస్తుంది, ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత పీహెచ్ సుమారు 8 దగ్గరికి దిగేసరికి ఫినాఫ్తలీన్‌కు రంగుండదు. రంగు 30 సెకన్లు నిలిస్తే చాలని ఎందుకంటారు, సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్ని వాడేముందు స్టాండర్డైజ్ ఎందుకు చేయాలి, అంటే దాని గాఢత ఎందుకు కొలిచి ఖాయం చేసుకోవాలి, ఈ రెండూ వైవాలో (మౌఖిక పరీక్షలో) గడగడా చెప్పినదాన్నే. సీసాలో ఉన్న ద్రావణం కూడా మూత తీసినప్పుడల్లా అదే కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటోందని, ఆ రెండు జవాబులూ ఒక్కచోట కలుస్తాయని అక్కడ నిలబడ్డప్పుడే తెలిసింది. సైన్స్ చదవని మనిషి అడిగిన ప్రశ్న నన్ను మళ్లీ ల్యాబ్‌కు పంపింది. ఆ రోజు ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

తర్వాతి వారాల్లో విరామచిహ్నాలు, పేరాలు విడగొట్టడం వగైరా జరిగాయి. ఒకరోజు మాత్రం 1953 ఏప్రిల్ 25 నాటి 'నేచర్' పత్రికలో డీఎన్‌ఏ నిర్మాణం మీద వాట్సన్, క్రిక్ రాసిన పేపర్ కాపీ తెచ్చారు. పేజీకి కాస్త ఎక్కువ, అంతే! తాము ప్రతిపాదించేదేమిటో మొదటి వాక్యంలోనే, అదీ 'మేము' అంటూ చెప్పేశారు. అదే సంచికలో రోజలిండ్ ఫ్రాంక్లిన్, రేమండ్ గోస్లింగ్‌ల పేపర్ కూడా ఉంది, దాంట్లో డీఎన్‌ఏ ఎక్స్-రే ఫొటో ఉంది అని మన ఫిజిక్స్ బ్యాచ్ అబ్బాయి లేచి చెప్పాడు. మేడమ్ మరుసటి క్లాసుకు దాన్నీ వెతికి తెచ్చి, రెండూ పక్కపక్కన పెట్టి చదివించారు.

కోర్సు చివర మనందరి వ్యాసాలూ జిరాక్స్ తీయించి, దారంతో కుట్టి తలా ఒకటి ఇచ్చారు కదా, ఇళ్లు మారడంలో నాది ఎక్కడో పోయింది. మీలో ఎవరి దగ్గరైనా ఉంటే ఈసారి కలిసినప్పుడు తీసుకురండి, కాపీ తీసుకుని ఇచ్చేస్తాను. నా వ్యాసం ఒక్కటే కాదు, అందరివీ కావాలి.